ముప్పై మంది పిల్లలకు బొమ్మలు వేసే, చేసే సామాను: ఏం కొనాలి, ఏం చేసుకోవాలి, ఎలా వాడాలి

మీ బడిలో విడిగా డ్రాయింగ్ టీచర్ లేకపోతే, ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలకు అన్నీ మీరే చెప్పాల్సి వస్తుంటే, ఇది మీ కోసమే రాస్తున్నాను. మాదీ అలాంటి బడే. నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, ఒక పక్క వరి మళ్లు, ఇంకో పక్క రొయ్యల గుంటలు ఉన్న ఊరు. ఇద్దరం టీచర్లం. వారానికి ఒక పూట బొమ్మలకు పెట్టుకున్నాం. పన్నెండేళ్లుగా ఆ పూట నేనే చూసుకుంటున్నాను. ఏ సామాను పిల్లల చేతుల్లో నిలిచిందో, ఏది వారం తిరక్కుండా చెత్తబుట్టలో పడిందో ఆ గదిలోనే తెలుసుకున్నాను.

కొట్టుకు వెళ్లే ముందు ఒక సంగతి గట్టిగా అనుకోండి. బీరువాలో పెట్టి తాళం వేయాలనిపించేంత ఖరీదైనది ఏదీ కొనకూడదు. దాతలు ఎవరో ఇచ్చిన పెద్ద రంగుల పెట్టె, "పాడు చేస్తారేమో" అన్న భయంతో మూడేళ్లు మూత తీయకుండా ఉండి, చివరికి ఎండి రాళ్లయిపోవడం నేను చూశాను. ఆ మూడేళ్లలో బడి దాటిపోయిన పిల్లలకు ఆ రంగులు ఎప్పటికీ అందలేదు. అందుకే సామాను ఎంచుకునేటప్పుడు నేను ఒకటే చూస్తాను: ఇది విరిగినా, ఒలికినా, అయిపోయినా నాకు టెన్షన్ లేకుండా ఇంకోటి ఇవ్వగలనా? ఇవ్వగలను అనుకుంటేనే కొంటాను.

ముందు కాగితం

చాలామంది రంగులతో మొదలుపెడతారు. మీరు కాగితంతో మొదలుపెట్టండి. డబ్బులు తక్కువ ఉంటే రంగులు తగ్గించి కాగితం పెంచండి.

ఎందుకంటే, మా బడిలో రెండో తరగతి పాప ఒకసారి అంత పెద్ద కాగితంలో ఒక మూల, చింతగింజంత పడవ వేసి కూర్చుంది. "ఇంత చిన్నగా వేశావేందమ్మా?" అని అడిగితే, "కాయితం అయిపోతే మళ్లీ ఇస్తారో ఇయ్యరో అని టీచర్" అంది. ఆ పాపకు గీయడం రాక కాదు, కాగితం అయిపోతుందన్న భయం. ఆ రోజు నుంచి ప్రతి బల్ల మీదా కాగితాల దొంతర పెడుతున్నాను. అడగకుండానే ఇంకోటి తీసుకోవచ్చు. మొదటి రెండు వారాలు ఎగబడి తీసుకున్నారు. ఆ తర్వాత వాళ్లే సర్దుకున్నారు. ఇప్పుడు వాళ్ల పడవలు కాగితం అంచులు దాటిపోతున్నాయి.

కాగితం కట్ట మీద జీఎస్ఎం అని ఒక అంకె ఉంటుంది. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల తూకమో అది చెబుతుంది. జిరాక్స్ కాగితం 70 నుంచి 80 జీఎస్ఎం ఉంటుంది. పెన్సిల్‌కు, క్రేయాన్‌కు ఇది చాలు. తడి రంగు వేస్తే మాత్రం ముడుచుకుపోతుంది, నాలుగుసార్లు కుంచె రాస్తే చిరుగుతుంది. రంగులకు కనీసం 140, 150 జీఎస్ఎం ఉన్న డ్రాయింగ్ షీటు కావాలి. కొట్లో దొరికే పెద్ద షీటు 22 అంగుళాలు, 30 అంగుళాలు ఉంటుంది. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 11 ఇంటూ 15 వస్తుంది, చిన్నపిల్లల చేయి తిరగడానికి సరైన కొలత. అంటే 8 షీట్లు కొంటే 32 మందికి సరిపోతాయి.

ముప్పై మంది పిల్లలకు ఏడాది లెక్క ఇలా వేసుకోండి. మామూలు వారాల్లో తలకు రెండు జిరాక్స్ కాగితాలు, పాతిక వారాలకు 1500. అంటే 500 కాగితాల కట్టలు మూడు. తడి రంగుల పాఠాలు ఏడాదికి పది అనుకుంటే 80 పెద్ద షీట్లు. ఇవి విడిగా ఒక్కొక్కటి కొనకుండా నెల్లూరు చిన్నబజారులాంటి చోట హోల్‌సేల్ కొట్లో ఒకేసారి తీసుకోండి. షీట్లను గొట్టంలా చుట్టి ఇస్తారు. వద్దని చెప్పి, అట్ట మధ్య పరిచి కట్టించుకోండి. చుట్టిన షీటు పిల్లల బల్ల మీద మళ్లీ మళ్లీ చుట్టుకుపోయి విసిగిస్తుంది.

ఇక ఉచితంగా వచ్చేది. ప్రింటింగ్ ప్రెస్సుల్లో పెళ్లి కార్డులు, కరపత్రాలు కత్తిరించాక మిగిలే అంచు ముక్కలు సంచుల కొద్దీ పడి ఉంటాయి. మర్యాదగా అడిగితే ఇస్తారు. మాఘమాసం ముహూర్తాల ముందు వెళ్లండి, రంగురంగుల గట్టి కాగితం దొరుకుతుంది. వెడల్పు రెండంగుళాలే ఉన్నా పారేయకండి. చాప అల్లినట్టు అల్లడానికి, అతికించే బొమ్మలకు అవే కావాలి. ఒకవైపు అచ్చయిన ఆఫీసు కాగితాలు కూడా తీసుకోవచ్చు గానీ, వాటి మీద ఎవరి పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయో చూసి తీసేయండి.

పలకను మర్చిపోకండి

ఒంగోలు అవతల మార్కాపురం పలకలకు పేరు. నల్లటి రాతి పొరను చీల్చి, చెక్క చట్రం బిగించి చేసిన ఆ పలక మీదే మన పెద్దవాళ్లందరూ ఓనమాలు దిద్దారు. ఇప్పుడు రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. బొమ్మలకు మాత్రం రాతిపలకే తీసుకోండి. బలపం దాని మీద నున్నగా జారకుండా కొంచెం పట్టుకుంటుంది. ఆ పట్టే పిల్లల గీతకు బలం.

ప్రతి బొమ్మల పూటా మొదటి పది నిమిషాలు పలకలతో మొదలుపెట్టండి. "గాలికి ఊగే కొబ్బరిచెట్టు వేయండి. చెరిపేయండి. ఇప్పుడు తుఫానులో కొబ్బరిచెట్టు వేయండి." చెరిపేస్తారని ముందే తెలుసు కాబట్టి ఎవరికీ తప్పు భయం ఉండదు. కాగితం మీదకు వచ్చేసరికి చేయి కదలడం మొదలై ఉంటుంది. చెరపడానికి తడిగుడ్డ ముక్క ఒకటి ప్రతి పలకకూ తాడుతో కట్టేయండి, ఉమ్మి రాసి తుడిచే అలవాటు పోతుంది. పలక మసకబారి గీత సరిగా కనబడకపోతే బొగ్గు, ఆకు పసరు కలిపి రుద్ది ఆరబెట్టే పాత పద్ధతి ఊళ్లో పెద్దవాళ్లకు తెలుసు. ఎవరైనా అవ్వను పిలిపించి పిల్లలకు చూపించండి.

ముగ్గు కూడా ఇక్కడే. చుక్కలు పెట్టి పలక మీద ముగ్గు కలపడం నేర్చుకున్న పిల్లకు గీత ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి కలుస్తుందో తెలుస్తుంది. మగపిల్లలు మొదట సిగ్గుపడతారు. సంక్రాంతి నాటికి వాళ్లే పోటీ పడతారు.

పెన్సిల్, బొగ్గు

పెన్సిల్ లోపల ఉండేది సీసం కాదు. గ్రాఫైట్ పొడి, బంకమట్టి కలిపి కాల్చిన పుల్ల. 1795లో ఫ్రాన్స్‌లో కాంటే అనే ఆయన ఈ పద్ధతి కనిపెట్టాడు. మట్టి ఎక్కువైతే పుల్ల గట్టిపడి గీత లేతగా వస్తుంది, గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తగా నల్లగా వస్తుంది. హెచ్ అంటే గట్టి, బి అంటే నలుపు. రాతకు వాడే హెచ్‌బీ పెన్సిల్‌తో బొమ్మ వేస్తే పిల్లలు నలుపు కోసం అదిమి అదిమి కాగితం చింపుతారు. 2బి కొనండి. ఒకటో తరగతికి లావుపాటి మూడు పలకల పెన్సిల్ మంచిది, వేళ్లు వాటంతట అవే సరిగ్గా పట్టుకుంటాయి, బల్ల మీంచి దొర్లదు.

రబ్బరు మొదటి అరగంట ఇవ్వకండి. నా దగ్గర ఐదో తరగతి పిల్లాడు ఒక ఎద్దు కొమ్మును పదిహేనుసార్లు చెరిపి, చివరికి కాగితానికి చిల్లు చేసి ఏడ్చాడు. ఇప్పుడు అందరికీ చెబుతున్నాను: తప్పు గీత ఉండనీ, పక్కనే సరైన గీత వేయి. ఒంగోలు గిత్త మూపురం వేసేటప్పుడు ఆ రెండు మూడు గీతలే బొమ్మకు బలాన్నిస్తాయి.

బొగ్గుపుల్లలు మీరే చేసుకోవచ్చు. ఇది కాస్త ఓపికగా చెబుతాను, ఎందుకంటే దీనికి పైసా ఖర్చు లేదు, పిల్లలకు ఇంతకంటే ఇష్టమైన నలుపు లేదు. ఎండిన కంది కట్టెలు గానీ వేపపుల్లలు గానీ చిటికెనవేలు లావున్నవి తీసుకుని, బెరడు గీకి, నాలుగంగుళాల ముక్కలు చేయండి. మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో నిలువుగా ఇరికించి నింపండి. మూతకు మేకుతో ఒక చిన్న చిల్లు పెట్టడం మర్చిపోకండి. చిల్లు లేకపోతే లోపలి పొగకు దారి లేక డబ్బా పేలుతుంది. కట్టెల పొయ్యి నిప్పుల్లో డబ్బా పెట్టండి. చిల్లులోంచి తెల్లటి పొగ వస్తుంది. దాదాపు గంటకు పొగ ఆగుతుంది. అప్పుడు బయటికి తీసి, పూర్తిగా చల్లారేదాకా, వీలైతే రాత్రంతా, మూత తీయకండి. వేడి మీద తీస్తే గాలి తగిలి పుల్లలన్నీ భగ్గుమని బూడిదైపోతాయి. ఈ పని పెద్దవాళ్లు మాత్రమే చేయాలి. తెల్లారి పిల్లల ముందు మూత తీయండి. వాళ్ల ముఖాలు చూడాలి మీరు.

క్రేయాన్లు

ఒకటి, రెండు తరగతులకు మైనపు క్రేయాన్లలో లావువే కొనండి. సన్నవి పిల్లల పట్టుకు ఠపీమని విరుగుతాయి. ప్లాస్టిక్ క్రేయాన్లు విరగవు, చేతికి అంటవు, కానీ రంగు పలచగా వస్తుంది. పెద్ద ఆకాశం నింపాలంటే పిల్లల చేతులు పీకుతాయి. మూడో తరగతి నుంచి ఆయిల్ పాస్టెల్స్ ఇవ్వండి. 1920ల్లో జపాన్‌లో బడిపిల్లల కోసమే తయారైన సామాను ఇది. మైనంతో పాటు ఆరని నూనె కలుపుతారు కాబట్టి రాస్తే వెన్నలా పరుచుకుంటుంది, ఒక రంగు మీద ఇంకో రంగు వేసి వేలితో కలపొచ్చు. నాకు అన్నిటికంటే ఇష్టమైన సామాను ఏదంటే ఇదే చెబుతాను. మొదటిసారి రాసినప్పుడే ముదురు రంగు రావడం పిల్లలకు ఎంత ధైర్యమిస్తుందో!

ఆ నూనె ఆరదు కాబట్టి, బొమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో న్యూస్‌పేపర్ పెట్టాలి. చొక్కాలకు అంటుతుంది కాబట్టి నాన్నల పాత చొక్కాలు తెప్పించి, వెనక్కు గుండీలు వచ్చేలా తొడగండి. మోకాళ్ల దాకా వచ్చి చక్కటి ఆప్రాన్ అవుతుంది.

డబ్బాలు పిల్లలకు విడివిడిగా పంచకండి. అన్నీ విప్పి, రంగు వారీగా ప్లాస్టిక్ డబ్బాల్లో పోయండి. ఎరుపంతా ఒక దాంట్లో, పచ్చ అంతా ఒక దాంట్లో. "నా ఎర్రది వాడు తీసుకున్నాడు టీచర్" అనే తగువులు ఆ రోజుతో ఆగుతాయి. ఏ రంగు ముందు అయిపోతుందో కూడా మీకు తెలుస్తుంది. మా దగ్గర నీలం, ఆకుపచ్చ, నలుపు మొదట అయిపోతాయి. అవి విడిగా దొరికే కొట్టు ఏదో కనుక్కుని ఉంచుకోండి.

తెల్ల క్రేయాన్ మాత్రం ఎప్పుడూ కొత్తదానిలాగే మిగిలిపోతుంది. దానికి ఒక పని చెబుతాను. తెల్ల షీటు మీద తెల్ల క్రేయాన్‌తో గట్టిగా అదిమి బొమ్మ వేయించండి. ఏమీ కనబడదు. దాని మీద పలచటి నీలం రంగు నీళ్లు కుంచెతో రాయమనండి. మైనం ఉన్నచోట నీళ్లు నిలవవు, తెల్లటి చేప, వల, వాన చినుకులు బయటికి వస్తాయి. ఒకటో తరగతిలో దీనికి లేచినంత కేక ఇంకే పాఠానికీ లేవదు.

తడి రంగులు

పన్నెండు, ఇరవై నాలుగు రంగుల సెట్లు వద్దు. పోస్టర్ కలర్ పెద్ద సీసాలు ఐదే కొనండి: నిమ్మపసుపు, నీలం, ఎరుపు, తెలుపు, నలుపు. ఎరుపులో రెండు రకాలుంటాయి. నారింజ ఛాయ ఉన్నదాన్ని వెర్మిలియన్ అంటారు, గులాబీ ఛాయ ఉన్నదాన్ని క్రిమ్సన్ అంటారు. క్రిమ్సన్ తీసుకోండి. వెర్మిలియన్‌లో నీలం కలిపితే వంకాయ రంగు రాదు, మట్టిరంగు వస్తుంది. క్రిమ్సన్‌తో వంకాయ రంగూ వస్తుంది, పసుపు కలిపితే నారింజా వస్తుంది. సీసా మీద నాన్-టాక్సిక్ అని రాసి ఉంటేనే తీసుకోండి. హోలీ పొడులు, గోడలకు వేసే రంగు పొడులు ఎంత చౌకగా వచ్చినా పిల్లల గదిలోకి తేవద్దు.

రంగులు కలుపుకోవడానికి పాత ఇడ్లీ రేకులు తెప్పించండి. ప్రతి ఇంట్లో ఒకటి రెండు సొట్టపోయినవి అటక మీద ఉంటాయి. ఒక్కో రేకులో నాలుగు గుంటలు: పసుపు, నీలం, ఎరుపు, తెలుపు. నలుపు టీచర్ దగ్గరే ఉండాలి, అడిగినవాళ్లకు ఒక చుక్క. లేకపోతే అరగంటలో అందరి బొమ్మలూ బురదరంగులోకి వెళ్తాయి. ఒకసారి రంగుకు వాడిన రేకు మళ్లీ వంటింటికి పోకూడదని పిల్లలకు, తల్లులకు కూడా చెప్పండి.

కలపడంలో ఒకటే సూత్రం చెబితే చాలు: లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత, అది కూడా కుంచె కొనతో. పసుపులోకి చిటికెడు నీలం వేస్తే వరినారు పచ్చ వస్తుంది. నీలంలోకి పసుపు పోస్తూ పోతే సీసా అయిపోతుందే గానీ ఆ పచ్చ రాదు. ఒక పూట అంతా పచ్చలతోనే గడపండి. నారు పచ్చ, కోతకొచ్చిన వరి పచ్చ, సరుగుడు తోపు పచ్చ, గుంట నీళ్ల పచ్చ. కిటికీలోంచి చూసి కలుపుకోమనండి. అలాగే సముద్రం. పిల్లలందరూ సముద్రానికి నీలం పూసేస్తారు. పెన్నకు నీళ్లొచ్చినప్పుడు మైపాడు ఒడ్డున నీళ్లు మట్టిరంగులో ఉండడం వాళ్లు చూసేదే. "మన సముద్రం ఏ రంగు?" అని అడిగి వదిలేయండి, పసుపులో ఎరుపు, చిటికెడు నీలం కలిపి వాళ్లే పట్టుకుంటారు.

కుంచెలు గుండ్రటివి 8వ నంబరు, చదునువి ముప్పావు అంగుళం వెడల్పువి, ఒక్కో రకం పిల్లల్లో సగం మందికి సరిపడా కొంటే చాలు. గట్టి పంది వెంట్రుకల కుంచె చిన్నపిల్లల అదుముడికి తట్టుకుంటుంది, మెత్తటి ఖరీదైన కుంచె తట్టుకోదు. కుంచెను నీళ్ల గ్లాసులో తలకిందులుగా నిలబెట్టి వదిలేస్తే వెంట్రుకలు వంగిపోతాయి, పట్టీ వదులై తల ఊడి వస్తుంది. సబ్బుతో కడిగి, వేళ్లతో కొన తీర్చి, పడుకోబెట్టి ఆరనివ్వాలి. ఈ ఒక్క అలవాటు నేర్పితే అవే కుంచెలు మూడేళ్లు వస్తాయి.

కుంచె కొనలేకపోతే కలం చేయండి. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు వాడేది వెదురు పుల్లే. కొన చెక్కి, కొంచెం పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టు రంగును పీల్చుకుని ఉంటుంది, వేలితో నొక్కితే కొనకు దిగుతుంది. మీ గదిలో పాత బనియన్ గుడ్డ ముక్కతో ఇదే చేయవచ్చు. చెక్కే పని మీది, చుట్టే పని పిల్లలది.

వంటింటి రంగులతో ఒక పాఠం తప్పకుండా చేయించండి. పసుపు నీళ్లతో కాగితమంతా పూసి ఆరనిచ్చి, సబ్బునీళ్లు ముంచిన పుల్లతో దాని మీద గీయమనండి. గీసిన చోటల్లా ఎర్రబడుతుంది. శంఖుపూలు వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది, అందులో నిమ్మరసం పిండితే ఊదారంగుకు తిరుగుతుంది. సైన్సు పీరియడ్ కూడా అయిపోయినట్టే. ఈ రంగులు కొన్నాళ్లకు వెలిసిపోతాయని మాత్రం ముందే చెప్పండి, లేకపోతే గోడ మీది బొమ్మ చూసి బాధపడతారు.

మట్టి

కొన్న రంగు ముద్దలు ఒకరోజు వాడకానికే గట్టిపడతాయి, అన్ని రంగులూ కలిసి బూడిదరంగు అవుతాయి. మనకు మట్టి ఉంది. కానీ ఎక్కడి మట్టి అన్నది ముఖ్యం. మా ఊళ్లో మొదటిసారి రొయ్యల గుంట గట్టు మట్టి తెచ్చాం. బొమ్మలు ఆరాక ఒళ్లంతా తెల్లగా ఉప్పు పూసింది, చేతుల మీద గాట్లున్న పిల్లలకు మంట పుట్టింది. మంచినీళ్ల చెరువు మట్టో, కాలువ అడుగు బంకమట్టో తీసుకోండి. ఊళ్లో కుండలు చేసేవాళ్లుంటే వాళ్లనే అడగండి, ఏ చెరువులో ఏ మూల మట్టి బాగుంటుందో వాళ్లకంటే ఎవరికీ తెలియదు.

మట్టిని బాగా ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, బకెట్‌లో వేసి నీళ్లు పోసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున కలియబెట్టి, పలచటి గుడ్డలో వడకడితే రాళ్లు, గవ్వముక్కలు, వేళ్లు పోతాయి. గవ్వముక్క ఒక్కటి మిగిలినా వేలు కోస్తుంది. పేరుకున్న మట్టిని గుడ్డలో మూటకట్టి వేలాడదీయండి. రెండు మూడు రోజులకు చపాతీ పిండిలా వస్తుంది. చేతికి అంటకుండా, వంచితే పగలకుండా ఉంటే సిద్ధమైనట్టు. బొమ్మలు ఆరేటప్పుడు పగుళ్లు వస్తుంటే కొంచెం సన్న ఇసుక కలపండి. తడి గోనెలో చుట్టి మూత ఉన్న బకెట్‌లో పెడితే వారాలు నిలుస్తుంది.

బొమ్మ చేసేటప్పుడు చేతులు, కాళ్లు విడిగా చేసి అతికిస్తే ఆరాక ఊడిపోతాయి. రెండు చోట్లా పుల్లతో గీతలు గీసి, నీళ్లలాంటి మట్టి రాసి నొక్కాలి. నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే పైన ముందు ఆరి చీలుతుంది. కాల్చని బొమ్మ నీళ్లు తగిలితే కరిగిపోతుంది. విరిగినవన్నీ మళ్లీ బకెట్‌లోకే. వినాయకచవితి ముందు వారం ఈ పాఠం పెట్టుకుంటే పిల్లలు ఇంటికి వాళ్ల చేతి వినాయకుడినే తీసుకుపోతారు.

వల ముక్కలు కూడా తెప్పించండి. చింకి వలను మట్టి పలక మీద పరిచి అదిమి తీస్తే చేప పొలుసుల్లా అచ్చు పడుతుంది. అదే వలను రంగులో అద్ది కాగితం మీద వేసినా బాగుంటుంది.

జిగురు, కత్తెర

జిగురు పుల్లలు మూత పెట్టడం మర్చిపోతే మన ఎండకు రెండు రోజుల్లో ఎండుతాయి. మైదా జిగురు కాచుకోండి. ఒక కప్పు మైదాను ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నాలుగు కప్పుల నీళ్లలో పోసి, తెల్లదనం పోయి గంజిలా మెరిసేదాకా తిప్పండి. ఏ రోజుది ఆ రోజే వాడండి. పుస్తకాలు కుట్టేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం. పిల్లల జిగురులో ఎప్పుడూ కలపకండి.

కత్తెరలు మొండి కొనలవి తీసుకోండి, కానీ కొనే ముందు కొట్లోనే ఒక కాగితం కత్తిరించి చూడండి. తెగని కత్తెర పిల్లలను ఏడిపిస్తుంది. ఎడమచేతి పిల్లల కోసం ఎడమచేతి కత్తెరలు రెండు తప్పకుండా ఉంచండి. మామూలు కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే రెండు రేకులూ దూరంగా జరిగి కాగితం నలుగుతుంది, అది పిల్ల తప్పు కాదు. ఒకటో తరగతికి కత్తెర అవసరం లేదు, వేళ్లతో చింపి అతికించనివ్వండి.

కొనొద్దని చెప్పేవి

స్కెచ్ పెన్నులు. పిల్లలు అడిగేది ముందు వీటినే అని నాకూ తెలుసు. నేను మొదటి ఏడాది ముప్పై సెట్లు కొన్నాను. మూతలు పోయి దీపావళి నాటికి సగం ఎండిపోయాయి. పైగా ఒకే మందం గీత తప్ప వేరేది రాదు. తళుకు పొడి, థర్మోకోల్ కూడా వద్దు. గాలికి ఎగిరి గుంటల్లో, చివరికి సముద్రంలో పడతాయి.

పంచడం, తిరిగి తీసుకోవడం

నలుగురికి ఒక పళ్లెం. పళ్లెంలో ఏమేమి, ఎన్నెన్ని ఉండాలో అట్ట ముక్క మీద బొమ్మలు వేసి అతికించండి, చదవడం రాని పిల్లలు కూడా లెక్క చూసుకుంటారు. గంట కొట్టడానికి పదిహేను నిమిషాల ముందే సర్దడం మొదలుపెట్టించండి. నీళ్ల బకెట్లు రెండు పెట్టండి, మొదటి దానిలో రంగు వదిలించడం, రెండో దానిలో కడగడం. మధ్యాహ్న భోజనం పళ్లేలు కడిగే చోటికి రంగుల సామాను పోకూడదు. బొమ్మలు ఆరడానికి గది ఆ మూల నుంచి ఈ మూలకు పురికొస కట్టి బట్టల క్లిప్పులు తగిలించండి. అందరివీ తగిలించండి, బాగున్నవని ఏరకండి.

ఏ నెలలో ఏది

మా నెల్లూరు వైపు పెద్దవాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ నెలల్లో తడి రంగులు వేస్తే రెండు రోజులైనా ఆరవు, మట్టి బొమ్మలకు బూజు పడుతుంది. వాటిని జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మళ్లీ జనవరి తర్వాత పెట్టుకోండి. వానకాలంలో క్రేయాన్లు, బొగ్గు, కాగితం అల్లికలు. కాగితం కట్టలు గోడకు ఆనించి నేల మీద పెట్టకండి, చెమ్మ, చెదలు రెండూ అటునుంచే వస్తాయి. ఇటుకల మీద చెక్క వేసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టండి.

సెలవులకు ముందు

ఏప్రిల్‌లో సెలవులిచ్చే ముందు వారంలో ఒక పూట సామాను సర్దడానికి ఉంచండి. మే నెల ఎండకు ఇనుప బీరువా లోపల పొయ్యిలా కాలుతుంది. ఒక ఏడాది ఆయిల్ పాస్టెల్స్ అన్నీ ఒకే ముద్ద అయిపోయి కనిపించాయి. అప్పటి నుంచి వాటిని కుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, కిటికీ లేని మూల ఉంచుతున్నాను. పోస్టర్ కలర్ సీసాల్లో రంగు మునిగేలా పైన చెంచాడు నీళ్లు పోసి మూత బిగించండి. కుంచెలు కడిగి ఎండిన వేపాకుతో కాగితంలో చుట్టండి.

చివరగా, ఏడాదంతా మిగిలిన మైనపు క్రేయాన్ ముక్కలు. పిల్లలతో వాటి మీది కాగితం ఒలిపించండి. రంగులకు వాడని ఇడ్లీ రేకు ఒకటి తీసుకుని, గుంటలకు కొంచెం నూనె రాసి, ఒక గుంటలో ఎరుపు, నారింజ, పసుపు ముక్కలు, ఇంకోదానిలో నీలాలు, పచ్చలు నింపండి. మరిగే నీళ్ల గిన్నె మీద ఆ రేకు పెడితే మైనం కరుగుతుంది. నీళ్లు లోపల పడకుండా చూసుకుంటూ, కరగగానే మీరే దించి చల్లారనివ్వండి. తిరగేసి తడితే రంగురంగుల ఇడ్లీలు ఊడి వస్తాయి, చిన్న పిల్లల గుప్పెటకు సరిగ్గా సరిపోతాయి. వాటిని ఆ కుండలోనే అన్నిటికంటే పైన పెడతాం. జూన్‌లో కొత్తగా ఒకటో తరగతిలో చేరినవాళ్ల చేతికి, రెండో తరగతికి వెళ్లిన పిల్లలే వాటిని అందిస్తారు.